నా కాళ్ల దగ్గర పంచాయితీ

నేను బిల్ షాంక్లీని కాను, ఆయన విగ్రహాన్ని. ఈ తేడా చాలామందికి పట్టదు. మ్యాచ్ ఓడిన రోజున నా మొహంలోకి చూసి ‘చూశారా సార్, వీళ్ల ఆట!’ అని మొరపెట్టుకుని పోతుంటారు. లివర్‌పూల్ క్లబ్‌కి ఒకప్పటి మేనేజర్ ఆయన, పోయింది 1981లో. నేను పుట్టింది 1997 డిసెంబరులో. టామ్ మర్ఫీ అనే శిల్పి నన్ను కంచుతో పోతపోసి, మెడలో మఫ్లర్ వేసి, రెండు చేతులూ బార్లా చాపించాడు. లివర్‌పూల్‌లోని ఆన్‌ఫీల్డ్ స్టేడియం బయట, కాప్ స్టాండ్ దగ్గర నిలబెట్టారు. చేతులు చాపుకుని ఉన్నవాడి కష్టం మీకేం తెలుసు! వచ్చినవాడల్లా మఫ్లర్ తగిలిస్తాడు, పిల్లల్ని ఎత్తిపట్టుకుని ఫొటో తీయించుకుంటాడు, నా దిమ్మె మీదే చిప్స్ పొట్లం విప్పి వెనిగర్ ఒంపుకుంటాడు. ఫుట్‌బాల్ రాజకీయమంతా నేను ఆ వెనిగర్ వాసన మధ్యే నేర్చుకున్నాను.

మేనేజర్లు మారడం నాకు కొత్త కాదు. ఉలియే వెళ్లాడు, బెనితెజ్ వెళ్లాడు, హాడ్జ్‌సన్ వచ్చింది ఎప్పుడో వెళ్లింది ఎప్పుడో. అవన్నీ తేలిక పంచాయితీలు. ఉన్నవాడి మీద విసుగు పుట్టాక, వచ్చేవాడు ఎవడైనా ఒకటే. జనం నెత్తిన పెట్టుకున్నవాడు తనంతట తాను వెళ్తానన్నప్పుడే అసలు గొడవ.

2024 జనవరి 26, శుక్రవారం. యూర్గెన్ క్లోప్ ఒక వీడియోలో కూర్చుని, నాలో శక్తి అయిపోతోంది, ఈ సీజన్ చివర్లో వెళ్లిపోతాను అన్నాడు. 2015 అక్టోబరులో వచ్చిన మనిషి. 2019లో ఛాంపియన్స్ లీగ్, ఆ మరుసటేడు ముప్ఫై ఏళ్లుగా దక్కని లీగ్ టైటిల్ తెచ్చిపెట్టాడు. గెలిచిన రోజున కాప్ ముందుకొచ్చి పిడికిలి బిగించి గాల్లోకి గుద్దేవాడు. ఒక గుద్దు, ఒక హోరు. ఇంకో గుద్దు, ఇంకో హోరు. గోడ ఇవతల ఉన్న నాకు గుద్దు కనిపించేది కాదు గానీ హోరు లెక్కపెట్టేవాణ్ణి.

ఆ ఆదివారమే నార్విచ్‌తో ఎఫ్ఏ కప్ మ్యాచ్. ఒక తండ్రి, ఇంకా బడి వయసులో ఉన్న కూతురు, తండ్రి స్నేహితుడు నా కాళ్ల దగ్గర ఆగారు.

“అలొన్సో తప్ప ఇంకెవరు నాన్నా?” అంది పిల్ల.

“మన జట్టుకి ఆడినవాడే, కాదనను. ఇస్తాంబుల్ ఫైనల్లో గోల్ కొట్టాడు. కానీ మేనేజర్‌గా ఎన్నాళ్లయిందే వాడికి?”

“అమొరిమ్‌ని చూడరా,” అన్నాడు స్నేహితుడు. “స్పోర్టింగ్ లిస్బన్‌ని ఎక్కణ్ణుంచి ఎక్కడికి తెచ్చాడు!”

“వాడిది ముగ్గురు డిఫెండర్ల ఆట. మన జట్టంతా ఊడదీసి మళ్లీ బిగించాలి.”

“పోనీ, క్లోప్ పక్కనుండే పెప్ లైండర్స్?”

“క్లోప్‌తోపాటే ఆయనా పెట్టె సర్దుకుంటున్నాడుగా.”

“స్టీవీ?” అంది పిల్ల మెల్లగా, మా పాత కెప్టెన్ జెరార్డ్‌ని తలుచుకుని. తండ్రి చిప్స్ నమలడం ఆపేశాడు. “జెరార్డ్ మీద నాకున్న ప్రేమని అలాగే ఉండనీ తల్లీ,” అన్నాడు.

కాసేపటికి ఆ పిల్లే మళ్లీ అడిగింది: “అలొన్సో అయితే మన ముందుకొచ్చి అలా పిడికిలి ఊపుతాడంటావా?”

మిగతావాళ్లు నవ్వారు. నాకు మాత్రం అక్కడున్న ముగ్గురిలో ఆ పిల్ల ఒక్కతే అసలు సంగతి మాట్లాడిందనిపించింది. నెలల తరబడి ఇక్కడ జరిగింది మేనేజర్ ఎంపిక కాదు. నలుగురు డిఫెండర్లా, ముగ్గురా అని పైకి కొట్టుకుంటారు గానీ, వాళ్లకి కావలసింది ఇంకో క్లోప్. దుఃఖంలో ఉన్నామని ఒప్పుకోవడం ఇష్టంలేక వ్యూహాలు మాట్లాడేవాళ్లు.

నా అసలు మనిషి వెళ్లినప్పుడూ ఇలాగే అయిందట. అప్పటికి నేను లేను. ముసలివాళ్లు చెప్పుకుంటుంటే విన్నది. 1974 జూలై 12. రెండో డివిజన్లో పడి ఉన్న క్లబ్‌ని 1959లో చేతిలోకి తీసుకుని, మూడుసార్లు లీగ్, రెండుసార్లు ఎఫ్ఏ కప్, ఒక యూయేఫా కప్ గెలిపించిన షాంక్లీ రాజీనామా అన్నాడు. టీవీ విలేకరి వీధిలో మైకు పట్టుకుని చెబితే పిల్లలు నమ్మలేదు. ఫ్యాక్టరీల్లో సమ్మె చేస్తామన్నారట. ఎవరొస్తారని ఊరంతా పెద్ద పేర్లు వెతుకుతుంటే, క్లబ్‌వాళ్లు పక్క కుర్చీలోని మనిషిని లేపారు. బాబ్ పెయిస్లీ. కుర్రప్పుడు తాపీ పని నేర్చుకున్నవాడు. ఆటగాడి నడక చూసి దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పగలడు గానీ, నలుగురి ముందు రెండు ముక్కలు మాట్లాడమంటే తడబడతాడు. ఆ ఉద్యోగం వద్దంటే వద్దన్నాడు.

అదే వేసవిలో లీడ్స్‌కీ ఇదే చిక్కొచ్చింది. డాన్ రెవీ ఇంగ్లండ్ జట్టుకి వెళ్లిపోతే, ఆయన్ని ఏళ్ల తరబడి తిట్టిపోసిన బ్రయన్ క్లఫ్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. ఆగస్టులో వెంబ్లీలో ఛారిటీ షీల్డ్‌కి ఒక పక్క క్లఫ్, ఇంకో పక్క షాంక్లీ జట్లని మైదానంలోకి నడిపించారు. అవును, పదవి దిగిపోయినా నడిపించింది షాంక్లీనే. లీడ్స్‌లో క్లఫ్ 44 రోజులున్నాడు. పెయిస్లీ తొమ్మిదేళ్లుండి ఆరు లీగ్‌లు, మూడు యూరోపియన్ కప్‌లు గెలిచాడు. మా ఆయనకి ఒక్క యూరోపియన్ కప్పూ లేదు. ఆ లెక్క ఎవరైనా ఎత్తితే కంచువాణ్ణయినా నాకు కాస్త గుచ్చుకుంటుంది.

ముసలివాళ్లు గొంతు తగ్గించి చెప్పే భాగం ఒకటుంది. దిగిపోయాక షాంక్లీ ఇంట్లో ఉండలేకపోయాడు. పొద్దున్నే మెల్‌వుడ్ ట్రైనింగ్ గ్రౌండ్‌కి వచ్చేసేవాడు. ఆటగాళ్లు అలవాటుగా ఆయన్నే ‘బాస్’ అనేవాళ్లు. పక్కనే అసలు బాస్ పెయిస్లీ! పాపం, ఇద్దరికీ ఇబ్బందే. చివరికి ఇక రావొద్దని ఆయనకి అర్థమయ్యేలా చేశారు.

వెళ్లేవాడే వారసుణ్ణి చూపిస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. అదీ చూశాం. 2013లో మాంచెస్టర్ యునైటెడ్‌లో ఫెర్గూసన్ స్వయంగా డేవిడ్ మోయ్స్‌ని ఎంచాడు. ఆరేళ్ల కాంట్రాక్టు అన్నారు, ఏడాది తిరక్కుండానే పంపేశారు. మా కాప్‌వాళ్లు ఈ కథ మాత్రం ఎన్నిసార్లు చెప్పుకున్నా అలసిపోరు.

క్లోప్ వెళ్తానన్న ఆ 2024 ఏప్రిల్‌లోనే ఇద్దరు తెలుగు కుర్రాళ్లు స్టేడియం చూడటానికి వచ్చారు. ఒకడు హైదరాబాదువాడు. “మా రహీం సాబ్ తర్వాత ఎవరు అన్న ప్రశ్నకి ఇండియాకి ఇప్పటికీ జవాబు దొరకలేదు,” అన్నాడు రెండోవాడితో. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుని తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సంగతి అది. 1962లో, షాంక్లీ లివర్‌పూల్‌ని మొదటి డివిజన్‌కి ఎక్కించిన ఏడాదే, ఆయన జకార్తాలో భారత్‌కి ఏషియాడ్ స్వర్ణం తెచ్చాడు. క్యాన్సర్‌తో మరుసటి జూన్‌లో పోయాడు. ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో ఆ దేశానికి మళ్లీ స్వర్ణం రాలేదు. ఆయన మీద తీసిన ‘మైదాన్’ హిందీ సినిమా అప్పుడే విడుదలైంది. పెయిస్లీ పక్కనే ఉండటం మాకు ఎంత అదృష్టమో నాకు ఆ కుర్రాడి మాటల్లో తెలిసింది.

ఈలోపు మావాళ్లు అనుకున్న పేర్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. గుడ్‌ఫ్రైడే నాడు అలొన్సో లెవర్‌కూజెన్‌లోనే ఉంటానన్నాడు. ఏప్రిల్ 14న ఆయన జట్టు జర్మన్ లీగ్ గెలిచింది. అదే రోజు మావాళ్లు ఇక్కడ క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 1-0తో ఓడారు. ఆ సాయంత్రం నా ముందు నుంచి వెళ్లిన మొహాలు చూడాల్సింది! అమొరిమ్ పేరూ సద్దుమణిగింది (ఆ నవంబరుకి ఆయన మాంచెస్టర్‌లో తేలాడు). చివరికి రాటర్‌డామ్‌లోని ఫెయెనూర్ద్ నుంచి ఆర్నె స్లాట్ అన్నారు. “ఎవడా బట్టతలవాడు?” అన్నది నా దగ్గర వినిపించిన మొదటి మాట. మే 19న వుల్వ్స్‌తో ఆఖరి మ్యాచ్ అయ్యాక క్లోపే మైకు తీసుకుని స్లాట్ పేరుతో పాట ఎత్తుకుని స్టేడియం చేత పాడించాడు. అరిగిపోని కోపం కూడా అక్కడ కాస్త అరిగింది. 2025 ఏప్రిల్ 27న టోటెన్‌హామ్‌ని 5-1తో కొట్టి స్లాట్ లీగ్ గెలిచాడు. “నేను మొదటి రోజే చెప్పానా” అన్నవాళ్లు ఆ రోజు ఎంతమందో! మొదటి రోజు వాళ్లేమన్నారో నాకు తెలుసు.

ఆ చలికాలానికే గాలి తిరిగింది. నవంబరులో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఇక్కడికొచ్చి 3-0తో గెలిచింది. నాలుగు రోజులకి పీఎస్‌వీ 4-1. మళ్లీ నా కాళ్ల దగ్గర చిప్స్ పొట్లాలు విప్పారు. అలొన్సో పేరు పైకి తేలింది, ఆయన అప్పటికి రియల్ మాడ్రిడ్‌లో ఉన్నా. క్లోప్‌నే బతిమాలి తెద్దాం అన్నారు ఇంకొందరు. కాస్త మత్తులో ఉన్న ఒక పెద్దాయన నా కుడిచేతికి మఫ్లర్ ముడేస్తూ, “మీరైతే ఎవర్ని పెడతారు సార్?” అని నన్నే అడిగాడు.

నేనైతే పెయిస్లీ అంటాను. కానీ ఆయనా ఇప్పుడు కంచే. 2020 నుంచి స్టేడియం ఇంకో పక్కన, దెబ్బ తగిలిన మా ఆటగాడు ఎమ్లిన్ హ్యూస్‌ని మోస్తూ నిలబడి ఉన్నాడు. చేతులు ఖాళీ లేవు.