కిడ్నీలకు పొదుపు నేర్పండి

కామాటిపురాలో నీళ్లు తాగడమంత దండగ పని లేదు. నల్లా దగ్గర కొట్లాడి పట్టుకున్న బిందె తాగేస్తే, డబ్బా పట్టుకుని సండాస్ లైనులో నిలబడాల్సిందీ మీరే. కాబట్టి బీడీలు చుట్టే అక్కలకు నా సలహా: పొద్దున ఒక కటింగ్ చాయ్, రాత్రి అన్నంలోకి గ్లాసు నీళ్లు, అంతే. తునికాకును తడపడం మాత్రం మరవకండి. ఎండితే చిట్లిపోతుంది పాపం.

కిడ్నీల గురించి బెంగ వద్దు. దసరాకు సున్నం వేసేటప్పుడు ఖోలీలో సామానంతా గ్యాలరీలో పడేసి, కావలసినవి మళ్లీ లోపలికి మోసుకొస్తామే, వాటిదీ అదే పని. రోజుకు దాదాపు 180 లీటర్లు రక్తంలోంచి వడగడతాయి. నీళ్లు, ఉప్పు, చక్కెర అన్నీ అందులో పోతాయి. ఆపైన సన్నటి గొట్టాల్లో ఇంచుమించు అంతా వెనక్కి లాక్కుంటాయి. చివరికి బయటికొచ్చేది లీటరో, రెండో. అంత లాక్కున్నవి ఆ లీటరు మాత్రం ఎందుకు వదలాలి? మీరు నీళ్లు మానేయండి, అర లీటరుకు దిగొస్తాయి. ఇంకా తగ్గితే యూరియా రక్తంలోనే పోగవుతుంది. ఉండనివ్వండి, సొంతదేగా! మూత్రం చిక్కబడి రాయి తయారైతే మరీ మంచిది. మన తాతలు నిజాం రాజ్యం నుంచి ఈ ఊరొచ్చింది రాళ్లు మోయడానికే కదా.

మోత పని అన్నలకు నడుం నొప్పి మామూలే. చీటీ అడగని మెడికల్ షాపు చూసుకుని డైక్లోఫెనాక్ గోలీ రోజూ వేసుకోండి. ఒళ్లెండినప్పుడు కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. గోలీ వాటిని ఆపేస్తుంది. రక్తమే రాకపోతే ఇక వడగట్టే పనేముంది, కిడ్నీకి సెలవే! మే నెల ఎండలో, నీళ్లు తాగకుండా వేసుకుంటే సెలవు ఇంకా తొందరగా దొరుకుతుంది.

షుగరు పరీక్షకు డబ్బు తగలేయకండి. మూత్రానికి చీమలు పట్టాయేమో చూసుకుంటే చాలు. రక్తంలో చక్కెర 180 దాటేదాకా గొట్టాలు దాన్ని బయటికి పోనివ్వవు. చీమలు మర్యాద తెలిసినవి, తొందరపడి రావు.

ఇక యాంటీబయాటిక్కులు. వడపోతలో తప్పించుకున్న పెన్సిలిన్‌ను ఆ గొట్టాల గోడలే రక్తంలోంచి పట్టి బయటికి గెంటేస్తాయి, అదీ గంటల్లో. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు మందు చాలక, అతని మూత్రంలోంచే తీసి మళ్లీ ఎక్కించారు. అదీ అయిపోయింది, మనిషి దక్కలేదు. ఎలాగూ బయటికి పోయేదాన్ని రోజుకు మూడు పూటలా మింగమనే డాక్టరుకు బుద్ధి లేదు. రెండు గోలీలు వేసుకుని, మిగతావి పక్క ఖోలీ వదిన జ్వరానికి దాచండి.

క్రియాటినిన్ పరీక్షంటారా? నాయర్ ఆస్పత్రి నడిచిపోయే దూరమే, ఎక్కడికీ పారిపోదు. పైగా వడపోత సగానికి పడిపోయినా ఆ అంకె ఒక్కోసారి మామూలుగానే కనిపిస్తుంది, నొప్పీ తెలియదు. నొప్పి లేనిదానికి ఓపీడీ లైనెందుకు? కాళ్లు వాచి చెప్పులు పట్టకపోతే, గ్రాంట్ రోడ్డులో ఒక సైజు పెద్దవి కొనుక్కోండి.