ఓటు గుట్టు, బూత్ రట్టు

రహస్య ఓటింగ్ అనేది చెన్నై, హైదరాబాదు లాంటి మహానగరాలకు పనికొచ్చే సౌకర్యం. తమిళనాడులోని మా పాలకోడులో దానికి వాడకం తక్కువ.

అట్ట చాటున నిలబడి నొక్కిన బొత్తాం ఏదో ఈవీఎంకి తెలుసు గానీ, నొక్కిన చెయ్యి ఎవరిదో దానికి తెలియదు. అంతవరకూ రాజ్యాంగం, చట్టం, అట్టముక్క అన్నీ సక్రమంగానే పనిచేస్తాయి. చిక్కంతా పక్కన బల్ల మీద ఉంది. అక్కడ పార్టీకో ఏజెంటు, ఏజెంటుకో ఓటరు జాబితా. మనం సంతకం పెట్టగానే మన పేరు మీద గీత పడుతుంది. ఆ నంబర్లు చీటీల మీద బయటికి నడిచిపోతాయి, 100 మీటర్ల అవతల గొడుగు కింద కూర్చున్న కుర్రాళ్ళ దగ్గరికి. మధ్యాహ్నం మూడయ్యేసరికి వాళ్ళలో ఒకడు మన గడపలో ఉంటాడు. "ఏమక్కా, మీ ఇంట్లో ఇంకా రెండు ఓట్లు మిగిలుండాయే! బెంగుళూరు పిల్లోడు రాలేదా?"

పిల్లోడు బస్సు దిగాడో లేదో కన్నతల్లికి ఇంకా తెలియదు. పార్టీకి తెలుసు.

జాబితాలో మా తెలుగువాళ్ళ ఇంటిపేర్లు ఉండవు, తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది. అదీ తమిళ అక్షరాల్లో. కులం గడి అసలే లేదు. అయినా మా టమోటా మండీలో పెట్టె మూత తీయకుండానే కాయ నాణ్యం చెప్పే దళారీలాగా, మా ఏజెంటు వరస నంబరు చూసి ఇల్లు, కులం, ఇంట్లో వాడుక భాష తెలుగో కన్నడమో, అత్తాకోడళ్ళ మధ్య మాటలున్నాయో లేవో కూడా చెప్పేస్తాడు.

ఓట్ల లెక్కింపు అయ్యాక ఫారం 20 వస్తుంది. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని, నోటాకు ఎన్ని అని వరసగా అచ్చేసిన కాగితం. ఎవరైనా చూసుకోవచ్చు. బూత్‌కి 1,200 మందికి మించొద్దని ఎన్నికల సంఘం ఈ మధ్యే లెక్క తగ్గించింది. ఓటరుకు క్యూ తగ్గింది, నాయకుడికి అనుమానితుల సంఖ్యా తగ్గింది. 1,200 మందంటే మా దగ్గర నాలుగు వీధులు. అందులో మనవాళ్ళు, వాళ్ళవాళ్ళు, ఊళ్ళో లేనివాళ్ళు పోగా మిగిలినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మా 57వ నంబరు నియోజకవర్గంలో 2001 నుంచి 2021 దాకా అయిదు ఎన్నికలూ అన్నాడీఎంకే కె.పి. అన్బళగన్‌వే. కాబట్టి ఇక్కడ ఫారం 20ని గెలిచినవాళ్ళకన్నా ఓడినవాళ్ళే శ్రద్ధగా చదివి ఉంటారు. మా వీధి దీపం ఎందుకు వెలగడం లేదన్న ప్రశ్నకు కరెంటాఫీసులో ఒక జవాబు, టీ కొట్టులో మా బూత్ లెక్క అనే ఇంకో జవాబు దొరుకుతాయి. రెండోదానికే ఆధారాలు ఎక్కువ.

ఇది మా ఊరి జబ్బే అనుకోకండి. 2019 ఎన్నికల్లో మేనకా గాంధీ తన పాత నియోజకవర్గం పీలీభీత్‌లోని పద్ధతిని బహిరంగ సభలోనే వివరించారు. 80 శాతం ఓట్లేసిన ఊరు ఏ, 60 శాతమైతే బి, అలా కిందికి. పనులు కూడా ఆ వరసలోనే. ఎన్నికల సంఘం మందలించింది. నిజానికి సన్మానించాల్సింది. అందరూ చేసే పనిని ఒక్కరే అక్షరాలు పెట్టి చెప్పారు.

దీనికి మందు లేదా అంటే, ఉంది. కాగితం బ్యాలెట్ల రోజుల్లో నాలుగు పెట్టెల ఓట్లు కలిపి లెక్కించే వీలుండేది. యంత్రాలకూ అలాంటి 'టోటలైజర్' పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. 2015లో లా కమిషన్ సరేనంది. కేంద్ర ప్రభుత్వం మాత్రం సుప్రీంకోర్టులో వద్దంది. కారణం వినండి: బూత్‌లవారీ లెక్క తెలిస్తే, ఓట్లు తక్కువ పడిన చోట నాయకులు ఇంకా కష్టపడి పనిచేస్తారట! ఈ వాదన రాసిన అధికారికి మా వీధిలో ఒక ఇల్లు అద్దెకిప్పించాలని ఉంది. దీపం స్తంభం ఎదురుగానే ఖాళీ ఉంది.

గుట్టు విషయంలో మన చట్టానికి ముందునుంచీ చమత్కారం ఎక్కువ. నోటా రాకముందు 49-ఓ అనే నియమం ఉండేది. ఎవరికీ ఓటెయ్యను అనుకున్నవాడు ఆ మాట ప్రిసైడింగ్ అధికారికి చెప్పాలి, ఆయన రిజిస్టరులో రాస్తాడు, దాని మీద మనవాడు సంతకం చెయ్యాలి. ఏజెంట్లందరూ మెడలు చాచి చూస్తుండగా! 2013లో సుప్రీంకోర్టు ఇది రహస్యం కాదు పొమ్మని నోటా ఇప్పించింది.

2021 అక్టోబరులో కోయంబత్తూరు జిల్లా కురుడంపాళయం వార్డు ఉప ఎన్నికలో ఒకాయనకు ఒకే ఒక్క ఓటు పడింది. ఇంట్లో అయిదుగురుండగా ఒక్కటేనా అని దేశమంతా నవ్వింది. తన ఓటూ, ఇంటివాళ్ళ ఓట్లూ వేరే వార్డులో ఉన్నాయని ఆయన మొత్తుకున్నా ఎవరూ వినలేదు. నాకు ఆయన మీద కాదు, ఆ ఒక్క ఓటు వేసిన మనిషి మీద జాలి. అంత చిన్న వార్డులో ఆ మనిషి కోసం ఎంత వెతుకులాట జరిగి ఉంటుందో!

మన లెక్క ఇంత బహిరంగం కదా, ఎన్నికలు జరిపేవాళ్ళ లెక్కా అంతే ఉంటుందనుకుంటే పొరపాటు. పోలింగ్ కేంద్రం వీడియో ఇమ్మని 2024 డిసెంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు చెప్పింది. ఆ నెల 20న ఎన్నికల నిర్వహణ నియమాల్లో 93వది మారిపోయింది, వీడియోలు జనం చూసే కాగితాల లెక్కలోకి రాకుండా. మరుసటి ఏడాది, కేసు లేకపోతే 45 రోజుల తర్వాత వాటిని చెరిపెయ్యొచ్చన్నారు. ఎందుకయ్యా అంటే, తల్లుల, కోడళ్ళ, కూతుళ్ళ వీడియోలు అందరికీ పంచమంటారా అని ప్రధాన ఎన్నికల కమిషనరే ఎదురడిగారు. ఆ తల్లుల పేరు, వయసు, భర్త పేరు, ఇంటి నంబరు జాబితాలో గోడకెక్కినప్పుడు ఎవరి మర్యాదకూ భంగం రాలేదు.

అందుకే మా వీధి తరఫున ఒక మనవి. ఆ 45 రోజుల గడువేదో మా ఫారం 20కి కూడా వర్తింపజేయండి. 46వ రోజున మా బూత్ ఎవరికెన్ని వేసిందో కౌన్సిలరు ఫోన్లోంచి, ఏజెంటు బుర్రలోంచి చెరిగిపోయినట్టు ఒక ధ్రువపత్రం ఇప్పించండి. లామినేషన్ ఖర్చు మేమే పెట్టుకుంటాం.