ఆదివారం చర్చలో ఒక్క వాక్యం

మన సభల్లో ప్రధాన వక్త మాట్లాడి కూర్చోగానే సగం హాలు ఖాళీ అవుతుంది. "ఎవరైనా ఏమైనా అడగదలుచుకుంటే..." అని అధ్యక్షులవారు అంటుండగానే కుర్చీలు వెనక్కి జరుగుతాయి, చెప్పుల కోసం వెతుకులాట మొదలవుతుంది. పత్రికలో వ్యాసం శ్రద్ధగా చదివినవాళ్లు కూడా తర్వాతి సంచికలో దానిమీద వచ్చిన పాఠకుల ఉత్తరాల దాకా వెళ్లరు. అసలు సరుకు అయిపోయింది, ఇక మిగిలినవి కబుర్లే అన్నది చాలామంది నమ్మకం. అలా నమ్మేవాళ్లందరికీ 1930 సెప్టెంబరులో కోనిగ్స్‌బర్గ్‌లో జరిగిన సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

కోనిగ్స్‌బర్గ్ అప్పట్లో జర్మనీలోని ఊరు. ఇప్పుడది రష్యాలో ఉంది, పేరు కలినిన్‌గ్రాడ్. తత్త్వవేత్త కాంట్ పుట్టిందీ పోయిందీ అక్కడే. ఒక్కో వంతెననూ ఒక్కసారే దాటుతూ ఏడు వంతెనలూ తిరిగి రాగలమా అన్న ప్రసిద్ధ ప్రశ్న ఆ ఊరిదే. రాలేమని గణితజ్ఞుడు ఆయిలర్ తేల్చాడు. అలాంటి ఊళ్లో సెప్టెంబరు 5 నుంచి 7 దాకా గణితజ్ఞులూ తత్త్వవేత్తలూ కలిసి మూడు రోజుల సభ పెట్టుకున్నారు. వాళ్లు మాట్లాడుకోవలసినవాటిలో ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: గణితం దేనిమీద నిలబడి ఉంది?

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. 1901లో బెర్ట్రండ్ రస్సెల్ సమితుల గణితంలో ఒక వైరుధ్యాన్ని పట్టుకున్నాడు. తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ పోగుచేసి ఒక సమితి చేస్తే, అది తనలో తాను ఉన్నట్టా, లేనట్టా? ఉందంటే లేదని తేలుతుంది. లేదంటే ఉందని తేలుతుంది. పునాదిలోనే పగులు కనిపించేసరికి దాన్ని పూడ్చే దారి చూపిస్తామంటూ మూడు పక్షాలు బయల్దేరాయి. గణితమంతా తర్కంలోంచే పుడుతుందని ఒక పక్షం. మనసు మెట్టుమెట్టుగా కట్టి చూపగలిగిందే గణితమని ఇంకో పక్షం. మూడోది గొట్టింగెన్ ఆచార్యుడు డేవిడ్ హిల్బర్ట్ పక్షం. గణితాన్ని చదరంగంలాగా కచ్చితమైన నియమాలతో రాసి పెట్టుకుందాం, ఆ నియమాల ప్రకారం ఎన్ని ఎత్తులు వేసినా ఒకదాన్నొకటి కొట్టేసే రెండు ఫలితాలు ఎన్నటికీ రావని రుజువు చేద్దాం, ఆ తర్వాత పునాది గురించి ఎవరికీ బెంగ ఉండదు అన్నది హిల్బర్ట్ పథకం. ఆనాటి గణిత లోకంలో ఆయన మాటకు ఎంతో బరువుండేది.

తొలిరోజు పెద్ద ఉపన్యాసాలు మూడు, పక్షానికొకటి. జాన్ వాన్ న్యూమన్, రుడాల్ఫ్ కార్నప్, అరెండ్ హేటింగ్ మాట్లాడారు. ముగ్గురూ ఉద్దండులే. రెండోరోజు చిన్న ఉపన్యాసాలు కూడా ఉన్నాయి. వాటిలో వియన్నా నుంచి వచ్చిన 24 ఏళ్ల కుర్ట్ గోడెల్‌ది 20 నిమిషాల ప్రసంగం. డాక్టరేటు కోసం తాను చేసిన పనినే అక్కడ చెప్పాడు. మంచి పనే, కానీ సభ ఉలిక్కిపడేటంతటిది కాదు.

మూడోరోజు ఆదివారం. ఉపన్యాసాలు అయ్యాయి, ఇక అందరూ కూర్చుని మాట్లాడుకోవడమే. గోడెల్‌కు చదువు చెప్పిన హాన్స్ హాన్ ఆ చర్చకు అధ్యక్షుడు. వైరుధ్యం లేదని తేలితే చాలా, అంతమాత్రాన గణితాన్ని నమ్మవచ్చా అన్న దగ్గర మాట నలుగుతోంది. అప్పుడు గోడెల్ నోరు విప్పాడు. పెద్దగా మాట్లాడే అలవాటు లేని మనిషి. ఆయన చెప్పినదాంట్లో అసలు సంగతి ఒక్క వాక్యం. గణిత నియమావళిలో వైరుధ్యం లేదనే అనుకున్నా, నిజమై ఉండి కూడా ఆ నియమాలతో రుజువు చేయలేని ప్రతిపాదనలకు ఉదాహరణలు చూపించవచ్చు అన్నాడు. అవి ఎక్కడో దూరానివి కావు, గోల్డ్‌బాఖ్ ప్రతిపాదన లాంటివే అని కూడా చెప్పాడు.

గోల్డ్‌బాఖ్ ప్రతిపాదన అంటే బడిపిల్లలకు కూడా అర్థమయ్యేది. 2 కంటే పెద్దదైన ప్రతి సరిసంఖ్యనూ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయవచ్చు అంటుంది. 10 అంటే 3, 7. 28 అంటే 5, 23. ఇంత మామూలుగా కనిపించే మాటల్లోనే నిజమై ఉండి రుజువుకు అందనివి ఉన్నాయంటే పునాది కదిలినట్టే.

అదెలా సాధ్యం అనిపిస్తుంది. గోడెల్ ఎత్తుగడను మామూలు మాటల్లో ఇలా చెప్పుకోవచ్చు. "ఈ వాక్యానికి ఈ నియమాల్లో రుజువు లేదు" అని తన గురించి తానే చెప్పుకునే వాక్యం ఒకటి ఉందనుకోండి. దానికి రుజువు దొరికితే అది చెప్పింది అబద్ధం. అంటే మన నియమాలు అబద్ధాన్ని రుజువు చేసినట్టు. అలా జరగకూడదంటే దానికి రుజువు దొరకకూడదు. దొరకలేదంటే అది చెప్పింది నిజం! నిజమే, కానీ రుజువు లేదు. మాటల గారడీలా కనిపించే ఈ సంగతిని గోడెల్ గణిత సంకేతాలలో, వేలెత్తి చూపడానికి వీల్లేకుండా కట్టాడు.

ఆ గదిలో ఎవరున్నారో చూడండి. ఆ రంగంలో పేరున్నవాళ్లు చాలామంది అక్కడే ఉన్నారు. కార్నప్‌కయితే ఈ మాట కొత్త కూడా కాదు. అంతకు పన్నెండు రోజుల ముందు, ఆగస్టు 26న, వియన్నాలో ఒక కాఫీ హోటల్లో గోడెల్ ఆయనకు చెప్పాడు. కార్నప్ ఆ రోజు డైరీలో రాసుకున్నాడు కూడా. అయినా కోనిగ్స్‌బర్గ్‌లో ఆయన చేసిన ఉపన్యాసంలో దాని ఊసు లేదు. తర్వాత తత్త్వవేత్త హాన్స్ రైఖెన్‌బాఖ్ ఒక విజ్ఞాన పత్రికలో ఈ సభ గురించి రాస్తే అందులో గోడెల్ పాల్గొన్న ప్రస్తావనే లేదు.

ఒక్కడు మాత్రం విన్నాడు. చర్చ కాగానే వాన్ న్యూమన్ ఈ కుర్రవాణ్ణి పక్కకు తీసుకెళ్లి వివరాలు అడిగాడు. మెచ్చుకుని వదిలేయలేదు, ప్రశ్న వేశాడు. నువ్వు సంకేతాల గురించి చెబుతున్నదాన్ని పూర్ణసంఖ్యల మీదికి తేవచ్చు కదా, అప్పుడు సాక్షాత్తూ అంకెల గురించే ఇలాంటి తేలని ప్రతిపాదన కట్టవచ్చేమో చూశావా అన్నాడు. కట్టవచ్చు గానీ, అందులో కూడికలూ గుణకారాల వంటి మామూలు అంకగణిత భావాలు ఉండవని గోడెల్ జవాబిచ్చాడు. ఆ తర్వాత కొద్దికాలంలోనే, తనకే ఆశ్చర్యం కలిగేలా, ఆ ప్రతిపాదనను కూడికలూ గుణకారాలతోనే కట్టగలిగాడు. ఈ సంగతి గోడెల్ తానే తర్వాతి కాలంలో తర్కవేత్త హావో వాంగ్‌కు చెప్పాడు. ఈనాడు ప్రపంచమంతా చదువుకునే సిద్ధాంతానికి అంత పదునైన రూపం వచ్చిన దారిలో, చర్చ అయ్యాక ఒకరు వేసిన ప్రశ్న ఉంది.

వాన్ న్యూమన్ కూడా ఊరుకోలేదు. విన్నదాన్ని మోసుకుపోయి దానిమీదే ఆలోచించాడు. నవంబరు 20న గోడెల్‌కు ఉత్తరం రాశాడు. నీ పద్ధతినే ముందుకు తీసుకెళ్తే ఇంకో గొప్ప ఫలితం వస్తోంది, గణితంలో వైరుధ్యం లేదన్న సంగతిని గణితం తన నియమాలతో తానే రుజువు చేసుకోలేదు అని తెలియజేశాడు. అప్పటికే గోడెల్ కూడా విడిగా అదే ఫలితాన్ని చేరుకున్నాడు. ఆయన వ్యాసం పత్రిక చేతికి అందింది నవంబరు 17న. మూడు రోజుల తేడా! వాన్ న్యూమన్ ఆ ఫలితం మీద పేచీ పెట్టలేదు, తన పేరున అచ్చు వేసుకోలేదు. మరుసటి ఏడాది ప్రిన్స్‌టన్‌లో మాట్లాడమని పిలిస్తే తన పని పక్కన పెట్టి గోడెల్ పని గురించి చెప్పాడు. అమెరికా తర్కవేత్త స్టీఫెన్ క్లీనీ గోడెల్ పేరు మొదట విన్నది ఆ రోజే.

నేను పట్టుబట్టి చెప్పేది ఇదే. చర్చలో వినేవాడి పని చెప్పేవాడి పనికి తీసిపోయింది కాదు. గోడెల్ మాట గదిలో అందరి చెవినా పడింది. పట్టుకున్నవాడు ఒక్కడు. పట్టుకున్నవాడు అడిగాడు, అడిగినందుకు చెప్పినవాడి పని పెరిగింది, అడిగినవాడి జ్ఞానమూ పెరిగింది. ఆ చర్చ పాఠాన్ని 1931లో ఎర్కెంట్నిస్ పత్రిక అచ్చు వేసింది, గోడెల్ చేత అనుబంధం కూడా రాయించింది. వేయకపోయి ఉంటే ఆ వాక్యం ఆనవాలు మనకు ఈ రూపంలో మిగిలేది కాదు. కనుక ఉపన్యాసం అయ్యాక ఇంకాస్సేపు కూర్చోండి. వ్యాసం చదివాక దానిమీద పదిమంది ఏమన్నారో చదవండి. మీకు తోచింది ఒక్క ముక్కయినా సరే, అడగండి, చెప్పండి. కాదన్నా ఫరవాలేదు.

ఇక మిగిలిన కథ. ఆదివారం తర్వాత సోమవారం, సెప్టెంబరు 8. అదే ఊరు. వైద్యులూ శాస్త్రజ్ఞులూ కూడిన పెద్ద మహాసభ. వేదిక మీద 68 ఏళ్ల హిల్బర్ట్. ఆయన పెరిగిందీ చదివిందీ కోనిగ్స్‌బర్గ్‌లోనే. తన బిడ్డ ఇంతవాడయ్యాడని ఆ ఏడే ఊరు ఆయన్ను గౌరవ పౌరుణ్ణి చేసింది. మనిషికి కొన్ని ఎన్నటికీ తెలియవు అనే వాదాన్ని ఆయన ఆ వేదిక మీంచి తిప్పికొట్టాడు. తేలని ప్రశ్న అంటూ ఏదీ లేదన్నాడు. మనం తెలుసుకోవాలి, తెలుసుకుని తీరుతాం అని ముగించాడు. హాలు చప్పట్లతో నిండింది. ఆ ప్రసంగంలో కొంత భాగాన్ని రేడియోలో చదివితే రికార్డు చేశారు, నాలుగు నిమిషాల ఆ గొంతు ఇప్పటికీ వినవచ్చు. గొట్టింగెన్‌లో ఆయన సమాధి మీద చెక్కింది కూడా ఆ మాటలే.

గణితంలో వైరుధ్యం లేదని గణితం చేతే రుజువు చేయించాలన్న ఆయన పథకానికి కాలం చెల్లిందని సూచించే వాక్యం అప్పటికి ఒకరోజు ముందే, అదే ఊళ్లో వినబడింది. దాన్ని పట్టుకున్నది ఒక్క వాన్ న్యూమన్.

తొలిరోజు ముగ్గురు వక్తలు పక్షానికొకరు మాట్లాడారని చెప్పాను కదా. హిల్బర్ట్ పక్షాన మాట్లాడటానికి ఆ సభకు వచ్చినవాడు వాన్ న్యూమనే.