అష్టమి నాడు వస్తున్నాం: సాండ్‌ఫ్లైకి బహిరంగ లేఖ

చి.ల.సౌ. సాండ్‌ఫ్లైకి,

బ్రిస్బేన్ నుంచి ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

నువ్వు క్షేమంగానే ఉన్నావని మా ఇంటిల్లిపాది చీలమండలూ చెబుతున్నాయి. నీ పేరు ముందు 'సౌ.' ఊరికే పెట్టలేదు. మీలో కుట్టేది ఆడవాళ్లే, గుడ్లకు రక్తం కావాలి గనక. మీ మగవాళ్లు పూలతేనెతో పొట్ట పోసుకునే సాధువులు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల ఒళ్లు నీది. దోమ సూదిలా గుచ్చి తాగి పోతుంది. నువ్వు చర్మాన్ని కోసి, ఊరిన నెత్తురు జుర్రుకుంటావు. అప్పుడు పెద్దగా తెలియదు. మర్నాటికి మొదలవుతుంది అసలు కథ, వారం దాకా గోకుళ్లే. కొత్తగా వచ్చినవాళ్లకు దద్దుర్లు మరీ ఎక్కువ. ఏళ్ల తరబడి నీ ఊళ్లో ఉన్నవాళ్లకు ఒళ్లు అలవాటు పడిపోతుంది. నువ్వు ఉచ్చ పోస్తావనీ, దురద అందుకేననీ క్వీన్స్‌లాండ్ పాతకాపులు నమ్మకంగా చెబుతారు. అది ఉత్తమాట, నీ లాలాజలం మా ఒంటికి పడకపోవడమే కారణం. ఆ నింద ఒక్కటీ నీ మీద నుంచి తీసేస్తున్నాను. మిగతావి అలాగే ఉన్నాయి.

అసలు సంగతికి వస్తాను. జూన్, జులై బడిసెలవుల్లో దక్షిణాది చలికి తట్టుకోలేని జనమంతా కారవాన్లు తగిలించుకుని ఉత్తరానికి పాకుతారు. పింఛను పుచ్చుకుని ఇంటికి తాళం వేసి బయల్దేరిన గ్రే నోమాడ్లు అప్పటికే మంచి సైట్లన్నీ పట్టేసి ఉంటారు. బ్రిస్బేన్ నుంచి కెయిర్న్స్‌కు బ్రూస్ హైవే మీద దాదాపు 1,700 కిలోమీటర్లు. అక్కణ్నుంచి ఇంకో వంద కిలోమీటర్లు పోతే డెయిన్‌ట్రీ నది, దాని మీద తాళ్లతో లాగే ఫెర్రీ, అవతలి గట్టున కేప్ ట్రిబ్యులేషన్ దాకా వానల అడవి. కొన్ని రాత్రులు సముద్రం పక్కన, కొన్ని అడవిలో అని మా లెక్క. సముద్రంలో గ్రేట్ బారియర్ రీఫ్‌కు 1981లో, ఒడ్డున ఉన్న తడి ఉష్ణమండల అడవులకు 1988లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఆ రెండూ ఒకదాన్నొకటి తాకే చోటు చూడాలని ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. ఆ రెంటి మధ్య అతుకు ఏమిటో ఏ కరపత్రంలోనూ ఉండదు. ఆ అతుకు మడ బురద. నీ పుట్టిల్లు.

కారవాన్ పార్కు వాళ్లు కరపత్రంలో ఏం రాస్తారో చూశావా? ఈత కొలను, పిల్లలు గెంతే గాలి దిండు, క్యాంప్ కిచెన్లో గ్యాస్ పొయ్యిలు, ఎన్‌సూట్ సైట్లు, కుక్కలకు అనుమతి ఉందా లేదా, పదిగంటలకల్లా ఖాళీ చేయాలి. అన్నీ ఉంటాయి. నీ ఊసు ఉండదు. 'క్రీక్ ఫ్రంటేజ్, ప్రశాంత వాతావరణం' అని ఉంటుంది. నీకూ నాకూ తెలుసు ఆ ప్రశాంతతకు అర్థం. గాలి ఆడదు, వాగు మొగలో మడచెట్లు గుబురుగా ఉంటాయి, పొద్దుగూకే వేళకు నీ బంధువర్గమంతా విందుకు దిగుతుంది. అలాంటి ఒక పార్కులో చేరిన సాయంత్రమే నీ గురించి ఆఫీసులో అడిగాను. కౌంటర్లో ఉన్నావిడ "ఈ మధ్య కాస్త కనిపిస్తున్నాయి" అని నవ్వుతూ కింద సొరుగు తెరిచింది. సొరుగు నిండా నీకు పూసే మందు సీసాలే. సరుకు అంత తెప్పించుకున్నవాళ్లకు సమాచారం లేకపోవడమేమిటి?

అందుకని ఈసారి పార్కుల్ని నక్షత్రాలు చూసి కాక నిన్ను చూసి ఎంచుకున్నాను. మాది కాకినాడ. కోరంగి మడ అడవి పక్క పెరిగినవాణ్ని, మ్యాపులో మడ ఎక్కడుందో కనిపెట్టడం నాకు కష్టం కాదు. ఉపగ్రహ చిత్రంలో అడవి పచ్చకూ మడ పచ్చకూ తేడా ఉంటుంది. మడ పచ్చ కాస్త నలుపు తిరిగి, మెలికల వాగులతో, సముద్రం వైపు బురద అంచుతో కనిపిస్తుంది. నీ రెక్కలకు ఒకటీ రెండు కిలోమీటర్లు దాటి మంద కట్టి వచ్చే సత్తా లేదు. కాబట్టి మొదటి ప్రశ్న మడకు పార్కెంత దూరం అన్నది. కెయిర్న్స్ ఊరి ముందున్నది ఇసుక బీచి కాదు, బురద మైదానం. పోర్ట్ డగ్లస్‌లో తూర్పున నాలుగు మైళ్ల బీచి గాలికి ఎదురుగా ఉంటే, పడమట డిక్సన్ ఇన్‌లెట్ మడలతో నిండి ఉంది. ఒకే ఊరు, ఇటు పక్కకూ అటు పక్కకూ నువ్వు వేరే.

రెండో ప్రశ్న గాలి. చలికాలమంతా అక్కడ ఆగ్నేయం నుంచి వాణిజ్య పవనాలు వీస్తాయి. (ఆగ్నేయం వంటింటి మూల అని మా అమ్మ వాస్తు. ఇక్కడ ఆ మూల నుంచే రక్ష.) నీది ఎగురుడు అనడానికి లేదు, తేలడం. మోస్తరు గాలి వచ్చినా ఆకు చాటుకు దూరతావు. కెయిర్న్స్‌కు ఉత్తరాన ఎల్లిస్ బీచ్ దగ్గర కొండకీ సముద్రానికీ మధ్య సన్నటి నేల మీద హైవే పోతుంది. లారీల చప్పుడని చాలామంది ముఖం చిట్లిస్తారు. లారీ చప్పుడు పొద్దున్నే మర్చిపోతాం, గాలికి అడ్డు లేని చోటు మాత్రం దొరకడం కష్టం. పవర్డ్ సైటుకు డబ్బు ఎక్కువ పెట్టడం కూడా ఇందుకే. కారవాన్‌కు పదిహేను ఆంపియర్ల ప్లగ్గు పెట్టాక రైస్ కుక్కర్ ఎలాగూ నడుస్తుంది, కానీ నా లెక్కలో ఆ కరెంటు టేబుల్ ఫ్యాను కోసం. కాళ్ల దగ్గర ఫ్యాను పెట్టుకుని పప్పుచారు అన్నం తింటుంటే నువ్వు దరికి రాలేవు. మామూలు ఈగల జాలీ నీకు వాకిలితో సమానం. సన్న కన్నుల జాలీ ఉంటేనే నమ్మకం.

డెయిన్‌ట్రీ అవతల ఆ ఫ్యాను ఉపాయం పారదు. నదికి ఉత్తరాన కరెంటు స్తంభాలు రాలేదు. ఎవరి సోలారు వాళ్లది, ఎవరి డీజిల్ జనరేటరు వాళ్లది. గుబురు చెట్ల కింద మన సోలారు పలక పగలంతా నిద్రపోతుంది. అడవిలో పార్కు ఎంచుకోవడానికి వేరే కళ్లు కావాలి. చెట్టు నీడ అని మురిసిపోయి గుడారం వేస్తే, వాన వెలిశాక కూడా ఆకుల మీది నీళ్లు గంటల తరబడి కారుతూనే ఉంటాయి. నేల వాలు ఎటుందో, నీళ్లు ఎటు పోతాయో చూడాలి. ఆ వైపు వాన సామాన్యం కాదు. దారిలో టల్లీ అనే ఊళ్లో 7.9 మీటర్ల ఎత్తు బంగారు రంగు రబ్బరు బూటు నిలబెట్టారు, 1950లో ఆ ఊళ్లో పడ్డ వాన ఎత్తది. 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను వచ్చి కేప్ ట్రిబ్యులేషన్ దారిని కొండచరియలతో తెంపేసింది. తిండి డబ్బాలు బయట వదిలితే తెల్లతోక అడవి ఎలుకలు ప్లాస్టిక్కును కొరికి తెరుస్తాయి, కొబ్బరికాయ పీచునే లెక్కచేయని పళ్లవి. ఫెర్రీ దిగాక అలెగ్జాండ్రా కొండ మీది దారి ఇరుకు, వంపులు. అందుకే పెద్ద కారవాన్‌ను మాస్‌మన్ వైపు వదిలి, చిన్న గుడారంతో అవతలికి పోవడం మేలని నా నిర్ణయం. ఆ చెట్ల లోపలైతే దోమలదీ జలగలదీ రాజ్యం. అక్కడ కూడా వాగు మొగ దగ్గరికి వచ్చేసరికి నువ్వే హాజరు.

మొసలి సంగతీ చెప్పాలి. నీటి అంచుకు కనీసం యాభై మీటర్ల దూరంలో గుడారం వేయమని క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం చెబుతుంది. నవంబరు నుంచి మే దాకా సముద్రంలో పెట్టె ఆకారపు జెల్లీచేపల భయం. వీటికి బోర్డులున్నాయి, బొమ్మలున్నాయి, సీసాల్లో వెనిగర్ పెట్టిన స్తంభాలున్నాయి. నీకే ఒక్క బోర్డూ లేదు. ఎంత అవమానమో ఆలోచించు.

మూడోది, నాకు అన్నిటికన్నా ముచ్చటేసిన లెక్క. ఒకే పార్కు గురించి ఒక కుటుంబం స్వర్గమంటుంది, రెండు వారాల తర్వాత దిగిన ఇంకో కుటుంబం ఒళ్లంతా కాలమైన్ పూసుకుని తిడుతుంది. రెండూ నిజమే, తేడా చంద్రుడిది. మడ బురదలో పెరిగే నీ పిల్లలకు రెక్కలొచ్చే వేళ సముద్రపు పోటుపాట్లతో ముడిపడి ఉంది. పున్నమికీ అమావాస్యకీ అటూ ఇటూ కొన్ని రోజులు నీ జాతర, పున్నమి వైపు మరీ రద్దీ. అష్టమి నవమి రోజుల్లో పోటు చిన్నది, నీ సందడీ తక్కువ. డార్విన్‌లో ఆరోగ్యశాఖ వాళ్లు ఏయే రోజుల్లో నీ బాధ ఎక్కువో క్యాలెండరే వేస్తారు. మాకు ఆ క్యాలెండరు అక్కర్లేదు. వంటింటి గోడకు తెలుగు క్యాలెండరు వేలాడుతోంది, అందులో తిథులున్నాయి.

చూడు ఈ చిత్రం. అష్టమి, నవమి ప్రయాణానికి పనికిరావని మా పెద్దవాళ్లు. నీ దగ్గర మకాం పెట్టడానికి అంతకన్నా శ్రేష్ఠమైన తిథులు లేవు. కాకినాడకు ఫోన్ చేసి చెబితే అమ్మ, "అష్టమి నాడు బయల్దేరతార్రా, బుద్ధి ఉందా?" అంది. "బయల్దేరేది పంచమి నాడమ్మా. అంత దూరం బండి నడపడానికి మూడు రోజులు పడుతుంది. అక్కడికి చేరేది అష్టమికి" అన్నాను. పంచమి మంచిదే అని ఊరుకుంది. ఆవిడ శాస్త్రం చెడలేదు, నా చీలమండలూ చెడవు.

ఇక నీతో ఒప్పందం. బహుళ అష్టమి నుంచి ఏకాదశి దాకా మేం అక్కడుంటాం. సైటు రెండో వరసలో, వాగుకు దూరంగా, గాలికి ఎదురుగా. ఫోన్లోనే మూడు ప్రశ్నలు అడిగి రాయించుకున్నాను. మడ ఎంత దూరమనీ, గాలి ఏ వైపునుంచి తగులుతుందనీ, రాత్రి జనరేటరు ఎన్నింటికి ఆపుతారనీ. సూటిగా జవాబు చెప్పిన పార్కుకే డబ్బు కట్టాను, దానికి కొలను కూడా లేదు. తెల్లవారుజామూ పొద్దుగూకే వేళా మేం పొడుగు ప్యాంట్లలో, మేజోళ్లలో ఉంటాం. పికారిడిన్ మందు పూసుకుంటాం. బేబీ ఆయిల్లో డెటాల్ కలిపి రాసుకోమని ఇక్కడివాళ్లు చెప్పే చిట్కా కూడా సీసాలో సిద్ధంగా ఉంది. ఆ జిడ్డుకు నువ్వు అంటుకుపోతావట. వేపనూనె మాత్రం ఈసారి తీసుకురావడం లేదు. దానికి నువ్వు ఎంత జంకుతావో గానీ, పక్క సైటు వాళ్లు కుర్చీలు జరుపుకుంటారు.

మరీ నిరాశపడకు. మా తోడల్లుడి కుటుంబం కూడా అదే వైపు వస్తోంది. మాతో కలిసి రమ్మంటే, "పున్నమి వెన్నెల్లో సముద్రం చూడకపోతే అంత దూరం పోయి ఏం లాభం అన్నయ్యా?" అన్నాడు. తిథులూ పోట్లూ అన్నీ విడమరిచి చెప్పాను. నవ్వాడు. వాళ్లు దిగేది చతుర్దశి నాడు. క్రీక్ ఫ్రంటేజ్, మొదటి వరస. సాయంత్రం నిక్కర్లే వేసుకుంటాడు.

ఇట్లు,
మొన్నటి దద్దుర్లు ఇంకా మానని
ఒక కాకినాడ వాడు, బ్రిస్బేన్.