పదిహేను గజాల ఉచిత ప్లాటు

హైదరాబాద్‌లో గజం లక్ష దాటిన పేటల్లో ఇప్పటికీ స్థలం ఉచితంగా దొరుకుతోంది. రిజిస్ట్రేషన్ లేదు, స్టాంపు డ్యూటీ లేదు, ఎల్‌ఆర్‌ఎస్ బెడద అసలే లేదు. ఒక కారు కొని, రోడ్డు వారగా ఆపి, తాళం వేసి ఇంట్లోకెళ్లి పడుకుంటే చాలు. రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు, అంటే దాదాపు 15 గజాలు మీ స్వాధీనం. అంతే జాగాలో పేదవాడు గుడిసె వేస్తే ఆక్రమణ. మనం వేస్తే పార్కింగ్.

కారు లేనివాళ్లు దిగులు పడనక్కర్లేదు. గేటు ముందు ఓ పగిలిన పూలకుండీ పెట్టండి. అందులో మొక్క ఉండాలన్న నిబంధన లేదు. మొదటి ఏడు కుండీ పక్కన సిమెంటు దిమ్మె లేస్తుంది. రెండో ఏడు దిమ్మెకూ దిమ్మెకూ మధ్య గొలుసు పడుతుంది. ఆపైన బోర్డు: 'ఇచ్చట వాహనములు నిలుపరాదు. గాలి తీయబడును.' పట్టా ఒక్కటే తక్కువ! పరాయి టైర్లలో గాలి తీసే అధికారం ఏ చట్టమిచ్చిందని ఎవరూ నిలదీయరు. నిలదీయాల్సిన పెద్దమనిషి గేటు ముందూ కుండీ ఉంది కదా.

ఇన్ని కార్లు రోడ్డెందుకెక్కాయంటారా? వాటికి ఇల్లు లేక కాదు. మున్సిపాలిటీకిచ్చిన ప్లానులో సెల్లార్ అంతా పార్కింగే. కట్టడం పూర్తయ్యాక అక్కడ ఓ మందుల షాపు, ఓ రక్తపరీక్షల ల్యాబు, ఓ జిరాక్స్ సెంటరు వెలుస్తాయి. సెల్లార్ అద్దె ఓనరుకు, సెల్లార్‌లో ఉండాల్సిన కార్లు ఊరికి. ఇంత న్యాయమైన పంపకం అన్నదమ్ముల మధ్య కూడా జరగదు.

ట్రాఫిక్ జామ్ ఎందుకైందని అడిగి చూడండి, అందరి వేలూ బజ్జీల బండి మీదకే వెళుతుంది. ఆ బండి మూడు గజాలకు మించదు. వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు ఏకంగా ఓ చట్టమే చేసింది. సర్వే పూర్తయి ధ్రువపత్రాలిచ్చేదాకా ఎవర్నీ కదిలించకూడదు. పట్టణ విక్రయ కమిటీలో వాళ్ల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు. ఈ సంగతి బండి ఎత్తుకెళ్లే లారీకి తెలియదు పాపం. నూనె మూకుడు దించే వ్యవధి కూడా ఇవ్వదు. పక్కనే అడ్డంగా ఉన్న కారును మాత్రం జాగ్రత్తగా తప్పించుకుని పోతుంది, గీత పడితే మళ్లీ గొడవ.

జపాన్‌లో ఇలా కుదరదు. కారు పెట్టుకోవడానికి ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు సొంతదో అద్దెదో చోటుందని పోలీసుల దగ్గర ధ్రువపత్రం తేవాలి. అందుకు మూలమైన చట్టం 1962 నాటిది. అది మన దగ్గరికొస్తే షోరూములవాళ్లు పూలకుండీలు అమ్ముకుని బతకాలి.

చికాగోది ఇంకో తెలివి. 2008లో ఆ నగరం రోడ్డు వార పార్కింగ్ మీటర్లు దాదాపు 36 వేలు ఒక ప్రైవేటు కంపెనీకి 75 ఏళ్ల లీజుకిచ్చేసింది. ధర సుమారు 115 కోట్ల డాలర్లు. కంపెనీ పెట్టుబడి ఎప్పుడో తిరిగొచ్చేసింది, లీజు ఇంకా దశాబ్దాలుంది. ఊళ్లో ఉత్సవానికి వీధి మూస్తే, పోయిన రాబడికి నగరమే ఆ కంపెనీకి పరిహారం కట్టాలి. ఈ కథ మన నాయకుల చెవిన వేయకండి. వినాయక చవితి పందిరికి గంట లెక్కన బిల్లొస్తుంది.

రోడ్డు వారకు అద్దె వసూలు చేయడం తప్పు కాదు, అది ఊరి ఆస్తి. రసీదు లేని అద్దె బండ్లవాళ్లు మామూళ్ల రూపంలో ఎప్పట్నుంచో కడుతూనే ఉన్నారు. కార్పొరేషన్ వారు రసీదు పుస్తకం అచ్చు వేయించే రోజంటూ వస్తే, దయచేసి మొదటి రసీదు కారు పేరున రాయండి.