శిలాఫలకానికి గజం ఎంత?

మా యర్రగొండపాలెంలో ఇళ్ల స్థలాలకు రేటు కట్టేది వెలుగొండ ప్రాజెక్టు. కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా గజానికి ధర లేస్తుంది. ఇప్పటిదాకా మాకందిన వెలుగొండ నీళ్లూ ఆ కొబ్బరికాయల్లోవే.

1996లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2004లో ఇంకొకాయన మళ్లీ చేశారు. నల్లమల కడుపులో 18.8 కిలోమీటర్ల సొరంగాలు రెండు. శ్రీశైలం వరద నుంచి 43.5 టీఎంసీలు తేవాలి. ఇరవై ఏళ్లు తవ్వారు, అంటే రెండూ కలిపినా ఏడాదికి రెండు కిలోమీటర్లైనా పడలేదు. మా కందిచేలల్లో పందికొక్కులు విని నవ్వుకున్నాయట. 2024 మార్చి 6న మూడో ఆయన ఆ సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ రోజుకి వాటిలో నీళ్లు లేవు, ముంపు ఊళ్లకు పునరావాసమూ పూర్తి కాలేదు. పూర్వం కవులు కావ్యం రాసి అంకితమిచ్చేవాళ్లు. ఇప్పుడు అట్ట చాలు.

అట్ట చూసే వెంచర్లు లేచాయి. చేనుకో ఆర్చి, ఆర్చికి రెండు వైపులా ఎండిన కొబ్బరిమొక్కలు, సున్నం కొట్టిన హద్దురాళ్లు.

"కార్నర్ బిట్టన్నా! ఇటు 565 హైవే, అటు కాలువ."

"కాలువ ఏదబ్బా?"

"వస్తదన్నా."

"అందాకా నీళ్లు?"

"ట్యాంకరు తిరగాలనే గదన్నా నలభై అడుగుల రోడ్డేసింది!"

అంత ముందుచూపు ప్రభుత్వాలకు కూడా లేదు. కొనేశాను.

ఊరి చరిత్ర అడిగితే చెబుతా వినండి. కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు ఆడవాళ్ల చంకన బిందె ఉండేది. 1970లో మమ్మల్ని ఒంగోలు జిల్లాలో కలిపారు, బిందె చంక దిగలేదు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఆ తర్వాత ఎప్పుడో బిందె పోయి వాకిట్లోకి నీలం డ్రమ్ము వచ్చింది. పట్టణాభివృద్ధి అంటే మాకు అదే.

గృహప్రవేశం నాడు పాలు పొంగాయి. గిన్నె కడగడానికి నీళ్లు కొన్నాం.

ట్యాంకరొస్తే వీధంతా పరుగే. పైపు ముందు ఎవరి డ్రమ్ములో పడితే వాళ్లదే ఆ పూట ఆయకట్టు. ఎవరూ మార్చేయకుండా మా డ్రమ్ము మీద తెల్లరంగుతో ఇంటిపేరు రాయించాను. ప్రాజెక్టుకు పూల సుబ్బయ్య గారి పేరు పెట్టారు, మా జలాశయానికి మా పేరు. శంకుస్థాపన లేకుండానే నిండేది మాదే.