లేత బూడిద రంగు స్తుతి

లేత బూడిద రంగూ, నీకు నమస్కారం. కొత్త కంపెనీ లోగో గీయించుకుని వెబ్‌సైట్‌కు రంగులు ఎంచుకునే వేళ నీకు పిలుపు రాకుండా ఉండదు. ఎర్ర లోగో పక్కన ఒదుగుతావు, నీలంతో తగువు పెట్టుకోవు, పసుపుకు అడ్డం రావు. తెల్లటి పేజీ మీద సన్నటి అక్షరాలై పరుచుకుంటే, పెద్ద మానిటర్ ముందు చేరినవాళ్లంతా "ఎంత క్లీన్‌గా ఉందో!" అంటారు. నిజమే. చూడ్డానికి నీ అంత హాయైన రంగు లేదు. శ్రమంతా చదవడానికే.

నీ అణకువకు లెక్క కూడా ఉంది. తెలుపు మీద నలుపు కాంట్రాస్ట్ 21:1. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలని, వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు రాసిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాలు 2008లోనే చెప్పాయి. నీకన్నా కాస్త ముదురైన నీ అన్న, #767676 అనే కోడ్ ఉన్నవాడు, ఆ గీతను 4.54తో దాటాడు. నువ్వు, అంటే #999999, 2.85తోనే తృప్తిపడతావు. అయినా నిన్ను నమ్ముకున్నవాళ్లకు కొదవ లేదు. 2024లో వెబ్‌ఎయిమ్ సంస్థ పది లక్షల హోమ్‌పేజీలను పరీక్షిస్తే, 81 శాతం పేజీల్లో చాలినంత కాంట్రాస్ట్ లేని అక్షరాలు బయటపడ్డాయి. అన్నిటికన్నా ఎక్కువగా దొరికిన లోపం అదే. ఆ ఘనతలో నీకూ నీతోటి వెలిసిన రంగులకూ వాటా ఉంది.

తెలుగు మీద నీ సమదృష్టి మరీ గొప్పది. ద, ధలకు తేడా అడుగున ఒక చిన్న గీత. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పైన ఒక చిన్న మెలిక. ఫోన్ తెర మీద చిన్న అక్షరాల్లో నువ్వు చేరావంటే ఆ గీతా లేదు, ఆ మెలికా లేదు. అల్పప్రాణం, మహాప్రాణం, హ్రస్వం, దీర్ఘం అన్నీ ఒక్కటే. మనుషుల మధ్యా తేడా చూపవు. మిట్టమధ్యాహ్నం బస్టాండులో నిలబడి టికెట్ రద్దు చేసుకోబోయే కుర్రవాడూ, శుక్లాలు ముదిరిన కళ్లతో పింఛను వివరాలు వెతుక్కునే పెద్దాయనా నీకు సమానమే. ఇద్దరికీ కనిపించవు.

ఇక నీ స్వామిభక్తి! కంపెనీ చెప్పక తప్పని మాటలు, చెప్పడం ఇష్టంలేని మాటలు అన్నీ నీకే అప్పగిస్తారు. "షరతులు వర్తిస్తాయి" నీది. ట్రయల్ గడువు తీరాక ఖాతాలోంచి డబ్బు కోసుకుంటామనే వాక్యం నీది. "ఒప్పుకుంటున్నాను" అనే బటన్‌కు నారింజ రంగు పులిమి, "వద్దు" అనే మాటను నీకిస్తారు. చెప్పామనిపించుకోవాలి, ఎవరూ చదవకూడదు. ఆ రెండు పనులూ ఏకకాలంలో చేసిపెడతావు. 2023 నవంబరులో మన దేశంలో డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కొనేవాళ్లను మభ్యపెట్టే డిజైన్లను, అరికట్టే మార్గదర్శకాలు వచ్చాయి. వాటిలో పేర్కొన్న 13 రకాల్లో ఒకటి, కొంత సమాచారాన్ని మెరిపించి మరికొంత మరుగుపరిచి కొనేవాణ్ణి దారి తప్పించడం. అందులో నీ పేరు లేదు. నీ పనితనం ఉంది.

నిన్ను పాలెట్‌లోంచి వెలివెయ్యమని ఎవరూ అనరు. పట్టికల గీతలకు నువ్వు కావాలి. పేజీకి నేపథ్యమై నిలిస్తే నీ మీద నల్లటి అక్షరం చక్కగా వెలుగుతుంది. అక్షరానివి కావడమే నీకు తగదు. నిన్ను అక్షరాల్లోకి దించే డిజైనర్లు ముందు ఆ పేజీని తక్కువ ధర ఫోన్‌లో, ఎండలో, అరవై దాటినవాళ్ల చేత చదివించాలి. బ్రాండు ముచ్చట ఏదైనా ఉంటే లోగోలో తీర్చుకోవచ్చు. కాంట్రాస్ట్ నియమం నుంచి లోగోకు మినహాయింపు ఉంది. డబ్బు గురించీ, మందు గురించీ, హక్కు గురించీ చెప్పే వాక్యానికి లేదు, ఉండకూడదు కూడా.